మేడ మీద ట్రాము: ఒక రిటైర్డ్ ఫిట్టరు ప్రాజెక్టు డైరీ

2024 సెప్టెంబరు 29, ఖరగ్‌పూర్

వార్త వచ్చి నాలుగైదు రోజులైంది. కలకత్తాలో ట్రాములు ఆపేస్తారట. ఎస్‌ప్లనేడ్ నుంచి మైదాన్ వైపు చిన్న ముక్క మాత్రం హెరిటేజ్ పేరుతో ఉంచుతారట. రవాణా మంత్రి చెప్పిన లెక్క ప్రకారం ఊళ్లో రోడ్డున్నదే ఆరు శాతం. అందులో ట్రాము నడిమధ్యన నిలబడితే వెనక బళ్లన్నీ నిలబడిపోతున్నాయి. అబద్ధమని నేననను. గరియాహాట్ దగ్గర ట్రాము వెనక బస్సులో కూర్చుని నేనూ తిట్టుకున్నవాణ్నే.

అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు మా నాన్న చెయ్యి పట్టుకుని హౌరా స్టేషన్ బయటికొస్తే ఎదురుగా ట్రాము ఉండేది. అదెక్కితే బ్రిడ్జి మీదుగా ఊళ్లోకి. 1943 ఫిబ్రవరిలో ఆ బ్రిడ్జి తెరిచినప్పుడు దాని మీద వెళ్లిన మొదటి బండి కూడా ఒంటరిగా పోయిన ఒక ట్రామేనని తర్వాతెప్పుడో చదివాను. 1993లో బ్రిడ్జి మీద ట్రాము తీసేశారు. అప్పుడు బాధపడే తీరిక లేదు. షిఫ్టు డ్యూటీలు, పిల్లల ఫీజులు.

ఇప్పుడు తీరికే తీరిక. టెక్కలి దగ్గర పల్లె నుంచి బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) రోజుల్లో ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. నాన్నా రైల్వే, నేనూ రైల్వే. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరై తొమ్మిదేళ్లు. మేడ మీద రేకుల షెడ్డులో చిన్న లేత్, ఒక వైసు, మూడు డబ్బాల నిండా ఫైళ్లూ డ్రిల్లు బిట్లూ ఉన్నాయి. ఒక ట్రాము చేస్తాను. అద్దాల బీరువాలో పెట్టే బొమ్మ కాదు. తీగ నుంచి కరెంటు తీసుకుని పట్టాల మీద నడవాలి.

స్కేలు ఒకటికి ఇరవై. కలకత్తా ట్రాము పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు, అంటే నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. మన రైలు బ్రాడ్‌గేజి 1676 కన్నా సన్నం. ఇరవైతో భాగిస్తే 71.75 వస్తుంది.

"డెబ్బై రెండు పెట్టుకుంటే ఎవరికి తెలుస్తాదండీ?" అంది మా ఆవిడ.

నాకు తెలుస్తుంది.

అక్టోబరు 6

దుర్గా పూజ జనం మొదలవకముందే కొలతలు తెచ్చుకుందామని పొద్దున్నే లోకల్ పట్టుకుని హౌరా, అక్కణ్నుంచి లాంచీలో బాబూఘాట్, నడిచి ఎస్‌ప్లనేడ్. మనవరాలు తోడొచ్చింది. తొమ్మిదో క్లాసు. ఫోటోలు దాని పని.

టేపు పట్టుకుని నడిరోడ్డు మీద ట్రామును కొలవనిస్తారా? అందుకే ముందురోజు రాత్రి నా నల్ల గొడుగుకి పది సెంటీమీటర్లకొకటి చొప్పున ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాను. ట్రాము ఆగగానే పిల్ల దూరంగా వెళ్లి పక్కనుంచి ఫోటో తీస్తుంది. నేను ట్రాముకి ఆనుకుని గొడుగు నిటారుగా పట్టుకుని ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడతాను. ఇంటికెళ్లాక ఫోటోలో గొడుగు గీతలతో మిగతావన్నీ లెక్క కట్టుకోవచ్చు. ఎదురుగా తీసిన ఫోటోలకి గొడుగూ అక్కర్లేదు, పట్టాల మధ్య దూరమే స్కేలు.

రెండో ట్రాముకే కండక్టరు పసిగట్టేశాడు. "కీ మాప్‌ఛేన్, దాదు?" అన్నాడు, ఏం కొలుస్తున్నావు తాతా అని. చెప్పాను. ఆయన ఒక నిమిషం నా గొడుగు కేసి చూసి, లోపలికి రమ్మని, తలుపు దగ్గర మెట్టు ఎత్తు మాత్రం టేపుతోనే కొలుచుకోమన్నాడు. అది తప్పుగా చేస్తే ముసలివాళ్లు ఎక్కలేరట. బొమ్మలోకి ముసలివాళ్లు ఎక్కరని నేను చెప్పలేదు.

గరియాహాట్ ట్రాములో చివరిదాకా వెళ్లాం. నేను డ్రైవరు వెనకాలే నిలబడ్డాను. బండి వేగం మార్చే కంట్రోలరు డబ్బా మీద హ్యాండిలు ఇత్తడిది. మొత్తం నల్లగా మాసిపోయి ఉంది, అరచెయ్యి ఆనే చోట మాత్రం బంగారంలా మెరుస్తోంది. ఎన్ని చేతులు తగిలితే అంత అరుగుతుందో నాలాంటివాడికి తెలుసు. వైసు హ్యాండిళ్లు అలాగే ఉంటాయి. కాలి కింద గంట. తొక్కితే టంగ్ మంటుంది, అంతే, హారన్ లేదు. ఇంత నెమ్మదిగా పోయే బండి, ఇంత గంట కొట్టుకుంటూ పోయే బండి, 1954 అక్టోబరులో కవి జీవనానంద దాస్‌ను పొట్టన పెట్టుకుంది. దాని గురించి బెంగాలీలు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. నెమ్మదిగా వచ్చేదే కదా అని మనిషి పక్కకి జరగడు.

కిటికీలు మూడుసార్లు లెక్కపెట్టాను. మూడు లెక్కలొచ్చాయి. ఫోటోలే దిక్కు.

అక్టోబరు 26

దానా తుఫాను ఒడిశాలో ఒడ్డు దాటినా వాన మనకీ గట్టిగానే పడింది. రైళ్లు రద్దు. మేడ మీద షెడ్డులో రేకు సందుల్లోంచి నీళ్లు కారి, పక్క గోడలకని కోసి పెట్టుకున్న టేకు పలకలు రెండు వంకర తిరిగాయి. పాత తలుపు చెక్క, ముప్పై ఏళ్లు ఎండింది, ఇది మాత్రం తిరగదులే అనుకున్నాను. సన్నగా చీల్చాక ఏ కర్రయినా కొత్త కర్రే.

ఇటుకల కింద అదిమి పెట్టాను. ఒకటి దారికొచ్చింది. రెండోది ఇంటి వెనక తులసికోట చుట్టూ కంచెలోకి పోయింది.

డ్రాయింగు మాత్రం పూర్తయింది. చార్టు మీద పెన్సిలుతో, నేను చేసే ట్రాము సైజులోనే, ఒక పక్క, ఒక ముందు, ఒక పైకప్పు. కంప్యూటర్లో గీసిస్తానని మా అబ్బాయి మెల్‌బోర్న్ నుంచి ఫోన్లో అన్నాడు. వద్దన్నాను. చార్టయితే దాని మీదే చెక్క పెట్టి గీసుకుంటాను.

నవంబరు 17

పది రోజులు చక్రాలు, పట్టాల దగ్గరే పోయాయి. ఎనిమిది చక్రాలు ఇత్తడి రౌండు నుంచి లేత్ మీద తీశాను. పట్టా వీధి ట్రాముది. అంటే రైలు పట్టాలా నేల మీద లేచి ఉండదు, రోడ్డులో కూరుకుపోయి ఉంటుంది, చక్రం అంచు పోవడానికి మధ్యలో గాడి ఉంటుంది. ఇత్తడి పట్టీలు రెండు పక్కపక్కన పెట్టి మధ్యలో సందు వదిలి కింద ఇంకో పట్టీకి సోల్డరు చేస్తే గాడి వచ్చింది. అందంగా వచ్చింది కూడా. అరమీటరు ముక్క చేసి బోగీ, అంటే పెట్టె కింద ఉండే నాలుగు చక్రాల చట్రం, పెట్టి తోశాను.

కుంటింది.

కుంటడమంటే మామూలుగా కాదు. చక్రం నడవాల్సిన తలం గాల్లో తేలిపోయి, అంచు గాడి అడుగున ఆని, బోగీ మొత్తం ఆ అంచు మీదే ఊగుతూ పోతోంది. కొలత తప్పిందేమోనని వెర్నియర్ పెట్టి చూశాను. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండు రోజులు పట్టింది నా తెలివితక్కువతనం నాకు తెలియడానికి. చక్రం అంచు ఎంత ఎత్తు పెట్టాలని నేను ఎవర్నీ అడగలేదు, ఏ ఫోటోలోనూ చూడలేదు. చెయ్యి దానంతట అదే తీసేసింది. రైలు చక్రం అంచు ఎత్తు కొత్తగా ఉన్నప్పుడు 28.5 మిల్లీమీటర్లు. జీవితమంతా గేజి పెట్టి చూసిన అంకె అది. ఇరవైతో భాగిస్తే ఒకటిన్నరకి కాస్త తక్కువ. ట్రాము చక్రానికి అంత అంచు ఉండదు, గాడి లోతు తక్కువ, అందులో మట్టీ రాళ్లూ చేరతాయి కూడా. పట్టా ట్రాముది చేశాను, చక్రం రైలుది చేశాను.

అన్నీ మళ్లీ లేత్‌కెక్కించి అంచులు తగ్గించాను. ఎనిమిదింట్లో ఏడు బతికాయి. ఒకదానికి టూలు లోపలికి దిగిపోయింది. ఆ చక్రం ఇప్పుడు నా బల్ల మీద పేపర్‌వెయిటు.

డిసెంబరు 8

రంగు. ఇంత గొడవ ఉంటుందనుకోలేదు.

ఈమధ్య చూసినవాటిలో నీలం తెలుపు ఎక్కువ, మిగతావాటి మీద సబ్బుల, బంగారం కొట్ల ప్రకటనలు. నాక్కావలసింది నా చిన్నప్పటి రంగు. అదేమిటో నాకే సరిగ్గా గుర్తు లేదు. సాయంత్రం బడ్డీ దగ్గర కూర్చునే మా పాత వర్క్‌షాపు బ్యాచ్‌ని అడిగాను. ఒకాయన ఆకుపచ్చ అన్నాడు. ఒకాయన కాఫీ రంగు అన్నాడు. మూడో ఆయన, అందరికన్నా పెద్ద, "రంగేటిరా, దుమ్ము రంగు" అని కొట్టిపారేశాడు. నా దగ్గరున్న పాత ఫోటోలన్నీ నలుపు తెలుపు.

కలకత్తాలో పాత సామాన్ల కొట్టు ఒకటుంది. అక్కడ ఒకడు నాకు జానెడు చెక్క ముక్క చూపించి, ట్రాము కిటికీ చట్రందని ఒట్టేసి, నూట యాభై రూపాయలు పుచ్చుకున్నాడు. ట్రాముదో, ఏ ఇంటి కిటికీదో, వాడికీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఇంటికి తెచ్చి ఒక మూల సన్నని ఎమెరీ కాగితంతో, నీళ్లు చల్లుతూ, గుండ్రంగా రుద్దాను. పైది నీలం. దాని కింద తెల్లది పలచగా. తర్వాత పసుపు. తర్వాత ఒక మట్టి ఎరుపు, అది ప్రైమరు అయ్యుండొచ్చు. దాని కింద మళ్లీ ఒక పొర, ముదురు, చెక్కలోకి ఇంకిపోయి, ఆకుపచ్చో నలుపో వెలుతుర్ని బట్టి మారుతోంది. అన్నీ కలిపి రూపాయి బిళ్లంత మేర, చెట్టు మొద్దు నరికితే కనబడే వలయాల్లాగా.

భూతద్దం పెట్టి మా ఆవిడకి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది. "ఇన్నిసార్లు వేశారు గానీ ఒక్కసారైనా గీకి వేశారా?" అంది.

వెయ్యబోయే రంగు నిర్ణయించేశాను. కలకత్తాకి సంబంధించి నేను కళ్లారా చూసి రుజువు చెప్పగలిగేది నీలం తెలుపే. జ్ఞాపకం కొలతకి దొరకదు. బ్యాచ్‌లో ముగ్గురికీ కోపం వచ్చింది.

2025 జనవరి 12

పెట్టె నిలబడింది. పైకప్పు, కిటికీలు, లోపల బెంచీలు అయ్యాయి. బెంచీలకి ఐస్‌క్రీం పుల్లలు వాడాను, అరిగినట్టు కనబడ్డానికి వాటిని చెప్పు తోలుతో రుద్దాను. సీలింగుకి చిన్న ఫ్యాన్లు. రెక్కలు కోకాకోలా డబ్బా రేకుతో కత్తిరించాను, తిరగవు, కానీ ఊదితే ఊగుతాయి.

సంక్రాంతికి కూతురూ అల్లుడూ వచ్చారు. అందరూ మేడెక్కి చూశారు, బాగుందన్నారు. మా ఆవిడ ఒక్కతే ఏమీ అనలేదు. అందరూ దిగాక అడిగాను.

"ఒంటి పెట్టె ట్రామేటండీ?" అంది.

ఇప్పుడు ఒంటి పెట్టెలే తిరుగుతున్నాయి, నేను కొలిచింది అదే అన్నాను.

"ఫ్యాన్లు ముందు పెట్టెలో కదా ఉండేవి. అది ఫస్టు క్లాసు. మనం ఎప్పుడైనా అందులో ఎక్కామా? పెళ్లైన కొత్తలో కాళీఘాట్ తీసుకెళ్లినప్పుడు కూడా వెనక పెట్టెలోకే కదా ఎక్కించారు. కొసరు పైసల కోసం."

నిజమే. జంట పెట్టెల ట్రాములో ముందుది ఫస్టు, ఫ్యాన్లుండేవి. వెనకది సెకండు, ఫ్యాన్లుండేవి కావు. రెంటికీ తేడా కొద్ది పైసలే. ఆ కొద్ది పైసలు కలకత్తాలో చిన్న విషయం కాదు. 1953లో ట్రాము చార్జీ ఒక్క పైసా పెంచారని ఊరంతా రోడ్డెక్కి నెలరోజులు అట్టుడికింది. నాకు ఇదంతా తెలుసు, చదివాను, నలుగురికీ చెబుతుంటాను. కానీ ఎక్కని పెట్టె ఎందుకు చేస్తున్నావని అడగడానికి మా ఆవిడ కావలసి వచ్చింది.

జవాబు చెప్పలేదు. కిందికి దిగి అరిసె తిన్నాను.

ఫిబ్రవరి 2

కంట్రోలరు. ఇది నాకు ఇష్టమైన పని కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

అసలు ట్రాముకి పైతీగలో 550 వోల్టుల డీసీ. మోటార్లకి ఒక్కసారిగా అదంతా ఇచ్చేస్తే బండి ఎగిరిపడుతుంది, లేదంటే మోటారు కాలిపోతుంది. అందుకని హ్యాండిలు ఒక్కో గుర్తు దగ్గరికి తిప్పుతుంటే దారిలో కరెంటుని తగ్గించే రెసిస్టెన్సులు ఒక్కోటీ తప్పుకుంటాయి. మొదట మోటార్లు ఒకదాని వెనక ఒకటిగా, అంటే సిరీస్‌లో ఉంటాయి. వేగం అందుకున్నాక పక్కపక్కన ప్యారలల్‌లోకి మారతాయి. పాత ఎలక్ట్రిక్ రైళ్లలోనూ ఇదే పద్ధతి. మంచి డ్రైవరు చెయ్యి చూస్తే తెలుస్తుంది. గబగబా తిప్పడు, ఒక్కో గుర్తు దగ్గర బండి మాట వింటాడు.

నాది పన్నెండు వోల్టులు. రెండు చిన్న మోటార్లు, బోగీకొకటి. పాత హీటరు కాయిలు ముక్కలు కోసి రెసిస్టెన్సులు చేశాను. గుండ్రటి ఫైబరు బిళ్ల మీద ఇత్తడి స్క్రూలు గుర్తులుగా. మూడు గుర్తులు సిరీస్, రెండు ప్యారలల్. హ్యాండిలు మాత్రం నిజమైన ఇత్తడి, బటానీ గింజంత.

ఎలక్ట్రానిక్ బోర్డు పెడితే ఇరవై నిమిషాల పని అని అల్లుడు అన్నాడు. మెత్తగా కూడా కదులుతుందట. మెత్తగా కదలడం నాకు వద్దు. అసలు ట్రాము ప్రతి గుర్తు దగ్గరా చిన్న కుదుపు ఇస్తుంది, నిలబడ్డవాళ్లంతా ఒకేసారి వెనక్కి ఊగి సర్దుకుంటారు. ఆ కుదుపు లేకపోతే అది బ్యాటరీ బొమ్మ.

కాయిలు వేడెక్కిందా లేదా అని వేలు పెట్టి చూశాను. ఎక్కింది. చూపుడు వేలికి బర్నాల్.

ఫిబ్రవరి 24

ఇవాళ్టికి 152 ఏళ్లు. 1873 ఫిబ్రవరి 24న సీల్దా నుంచి ఆర్మీనియన్ ఘాట్ దాకా గుర్రాలు లాగిన ట్రాము నడిచింది. ఎవరూ ఎక్కక ఆ ఏడాది నవంబరులోనే మూతపడింది. 1880లో కొత్త కంపెనీ వచ్చి మళ్లీ గుర్రాలు కట్టింది. 1902 మార్చి 27న ఎస్‌ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కి కరెంటు ట్రాము. ఇప్పుడు హెరిటేజ్ అని మిగిలిస్తామంటున్న మైదాన్ ముక్క ఆ మొదటి దారిదే. ఖిదిర్‌పూర్ దాకా ఇప్పుడు పోదు. 2020 మే నెలలో ఆంఫన్ తుఫాను తీగలు తెంపేసింది, అక్కడితో సరి.

మన దేశంలో కరెంటు ట్రాము మొదట నడిచింది కలకత్తాలో కాదు, మద్రాసులో, 1895లో. మన తెలుగువాళ్లకి అప్పట్లో పట్నమంటే మద్రాసే, కాబట్టి మా తాత తరానికి ట్రామంటే మద్రాసు ట్రామే. అది 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం విడిపోయి మద్రాసూ పోయింది. బొంబాయిలో 1964 మార్చి 31 ఆఖరి రోజు. వాటి పట్టాలు ఎక్కడున్నాయో ఇవాళ ఆ ఊరివాళ్లకే తెలియదు.

ఎస్‌ప్లనేడ్‌లో స్మరణికకి వెళ్లాం. 1938 నాటి ట్రామునే మ్యూజియం చేసి 2014లో తెరిచారు. ఒక పెట్టెలో టీ కాఫీ తాగుతూ కూర్చోవచ్చు, రెండో దాంట్లో పాత టికెట్లు, కండక్టర్ల బ్యాడ్జీలు. చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది. నాకు నచ్చింది, అబద్ధమెందుకు. కానీ బయటికొచ్చి అవతలి పట్టా మీద కదులుతున్న ఒక మాసిన ట్రామును చూస్తే పిల్ల వెంటనే ఫోను తీసింది. లోపల ఒక్క ఫోటో తియ్యలేదు.

పట్టాల మీద తారు పోసి కప్పెయ్యడం మీద హైకోర్టులో కేసు నడుస్తోంది, కోర్టు గట్టిగానే అడిగింది. తారు కింద పట్టా ఎలాగూ చెడదని ఒకాయన టీ కొట్టు దగ్గర వాదిస్తున్నాడు. ఇనుము చెడదేమో. కానీ నడవని పట్టాకి కీలు ఎక్కడ వదులైందో చెప్పగలిగే మనిషి నాలుగేళ్లలో రిటైరైపోతాడు. ఆ తర్వాత పెట్టెలున్నా, పట్టాలున్నా, ట్రాములు బాగుచేసే నోనాపుకుర్ వర్క్‌షాపు గోడలున్నా నడిపేది ఎవరు? మా ఆవిరి ఇంజన్ల విషయంలో ఇదే చూశాను. ఇంజను పెయింటేసి గేటు ముందు నిలబెట్టారు. బాయిలరు ట్యూబు మార్చడం తెలిసినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోయారు.

రాత్రి అబ్బాయితో వీడియో కాల్. మెల్‌బోర్న్‌లో పాత డబ్ల్యూ క్లాసు ట్రాములు కొన్ని సిటీ సర్కిల్ అనే దారి మీద ఇంకా జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. తీసేసి షెడ్డులో ఉంచిన 134 ట్రాముల్ని 2018లో స్కూళ్లకీ, సంఘాలకీ, కావలసినవాళ్లకీ ఇస్తామని అక్కడి ప్రభుత్వం దరఖాస్తులు పిలిచింది. ఆ ఊరికీ కలకత్తాకీ ట్రాముల స్నేహం ఉంది, 1996 నుంచి ట్రామ్‌జాత్రా అని పండగ చేసుకుంటున్నారు. "ఒకటి మనం తీసుకుంటే ఎక్కడ పెడతాం నాన్నా?" అన్నాడు వాడు నవ్వుతూ. వాడి అపార్ట్‌మెంట్‌లో కారుకే చోటు లేదు.

మార్చి 9

పట్టా మేడ మీద గుండ్రంగా వేశాను. ట్రాముకి గుండ్రం తప్పదు. పైకప్పు మీంచి తీగ నుంచి కరెంటు తీసుకునే కర్ర, ట్రాలీ పోల్, వెనక్కి వాలి తీగని ఒరుసుకుంటూ పోవాలి, వెనక్కి నడిపితే పట్టుకోదు. అందుకే డిపోల దగ్గర, టెర్మినస్‌ల దగ్గర ట్రాము చుట్టు తిరుగుతుంది.

పోల్ సైకిలు చువ్వ. కొసన గాడి ఉన్న చిన్న ఇత్తడి చక్రం. కింద బాల్‌పెన్ను స్ప్రింగు రెండు. వెనక వేలాడే తాడుకి మా ఆవిడ పూలు కట్టే దారం. తీగ రాగి.

తిన్నటి చోట అద్భుతంగా పోయింది. మొదటి గుర్తు, కుదుపు, రెండో గుర్తు, కుదుపు. వంపు దగ్గర టిక్ మని పోల్ తీగ వదిలేసి నిటారుగా లేచి నిలబడింది. ట్రాము ఆగిపోయింది. మళ్లీ పెట్టాం. మళ్లీ అక్కడే. స్ప్రింగు బిగించాను, ఈసారి తీగే పైకి లేచిపోయి స్తంభం వంగింది. సాయంత్రానికి పద్దెనిమిదిసార్లు. పిల్ల లెక్క రాసింది.

మార్చి 16

ఈసారి ఎస్‌ప్లనేడ్ వెళ్లి ట్రాము కేసి చూడలేదు. తలెత్తి తీగల కేసి చూశాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడనిది. వంపు దగ్గర తీగ గుండ్రంగా ఉండదు. తీగ గుండ్రంగా ఎలా ఉంటుంది, లాగితే తిన్నగానే ఉంటుంది కదా. చిన్న చిన్న తిన్నటి ముక్కలు, ఒక్కో ముక్క దగ్గరా బయటి వైపు ఇంకో తీగ పట్టి లాగుతుంది. సాలెగూడులా. నేను వంపు మొత్తానికి నాలుగు స్తంభాలు పెట్టాను, మూల మరీ పదునైంది, అక్కడే పోల్ చక్రం గెంతేస్తోంది.

మెడ పట్టేసేదాకా చూసి, కాగితం మీద గీసుకుంటుంటే అక్టోబరులో చూసిన కండక్టరే కనబడ్డాడు. గొడుగు ఏదని అడిగాడు. పోల్ జారిపోతోందని చెప్పాను. ఆయన చాలా గంభీరంగా విన్నాడు. వానలో పోల్ జారితే తాను దిగి, తాడు పట్టి, పైకి చూస్తూ, కళ్లలో నీళ్లు పడుతుంటే తీగకి తగిలించడం చెయ్యి ఊపుతూ చూపించాడు. చూస్తూ పట్టకూడదట. చూస్తే దొరకదు. తాడు బరువు చేతికి తెలియాలి.

మార్చి 30, ఉగాది

వంపుకి పదకొండు లాగుడు తీగలు వేశాను. పచ్చడి తిని మేడెక్కాం. పిల్ల డ్రైవరు. ఎండ అప్పటికే మండుతోంది.

మూడు చుట్లు ఆపకుండా తిరిగింది. నాలుగో చుట్టులో పోల్ జారింది. నేను లేవబోతే మా ఆవిడ వద్దని, తనే వంగి, పూల దారం పట్టుకుని, ఎటో చూస్తూ, ఒక్కసారికే తీగకి తగిలించింది. నలభై ఏళ్లుగా మాలలు కట్టిన చెయ్యి.

"మరి నేనెక్కడ కూచోవాలి?" అంది ట్రాము చూపిస్తూ.

మధ్యాహ్నం పడుకోకుండా చార్టు పరిచాను. వెనక పెట్టె, పాత ఫోటోల నుంచి. నాకు జ్ఞాపకమున్నవీ, ఆవిడకి జ్ఞాపకమున్నవీ విడివిడిగా రాసుకున్నాం, రెండూ కలిసిన చోటే పెన్సిలు. కలవనివి చుక్కల గీత. కావలసినవి: టేకు పలకలు మూడు, ఒకటి వంకర తిరిగినా సరిపోయేట్టు. చక్రాలు ఎనిమిది, అంచు తక్కువగా. ఐస్‌క్రీం పుల్లలు ఒక కట్ట. తగిలింపుకి కొక్కెం. మోటార్లు అక్కర్లేదు. ఫ్యాన్లు అక్కర్లేదు.